కిటికీ పక్క కుర్చీ మంజూరు విషయమై

1

చిరంజీవి వంటమ్మాయికి హోటలు యజమాని ఆశీస్సులతో వ్రాయునది.

ఏ సంస్థలోనైనా పని సక్రమంగా సాగాలంటే ముందు కాగితం సక్రమంగా సాగాలి. నోటిమాట గాలిలో కలుస్తుంది. కాగితం మీది మాట దస్త్రంలో కలుస్తుంది. దస్త్రంలో కలిసినదాన్ని ఎవరూ చదవకపోయినా అది ఉన్నట్టే. ముప్పై ఏళ్ళు ఒక పెద్ద కార్యాలయంలో దస్త్రాలు చూసి, ఆ పైన ఈ పది బల్లల హోటలు పెట్టినవాణ్ణి కనుక ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. కావున నేటి నుంచి ఉద్యోగ విషయాలన్నీ ఉత్తరాల ద్వారానే జరగవలెను. వంటగదికీ ముందు గదికీ మధ్యనున్న కౌంటరు మీద, ఉప్పుడబ్బా కింద ఉత్తరం పెట్టవలెను. దూరం పదకొండు అడుగులే గదా అనరాదు. ఒకసారికి ఒకే విషయం. అది తేలేవరకు రెండో విషయం ఎత్తరాదు.

ఇది నీ పిన్ని, అనగా నా భార్య, ఆజ్ఞ అని కూడా నమోదు చేస్తున్నాను. ఇంతకు మునుపు ఇక్కడ పనిచేసిన ముగ్గురు కుర్రవాళ్ళూ నాతో మాట్లాడిన తరువాతే వెళ్ళిపోయారని ఆమె వాదన. మొదటివాడితో క్రమశిక్షణ గురించి మాట్లాడాను, నిజమే. రెండోవాడితో భవిష్యత్తు గురించి. మూడోవాణ్ణి మాత్రం "ఏమోయ్, ఎలా ఉంది పని?" అని తప్ప మరేమీ అడగలేదు. వాడు ఆలోచించడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఏప్రన్ మడిచి పెట్టి వెళ్ళిపోయాడు.

"యువ పనివారు కావలెను" అని మన తలుపుకు ఏడాదిగా ప్రకటన వేలాడుతున్నది. ఇంతవరకు ఒకే ఒకాయన దాన్ని శ్రద్ధగా చదివాడు. చదివి, టీ తాగి వెళ్ళాడు.

ఇక మిగిలినదానివి నువ్వు ఒక్కతెవే. నీ పిన్నికి మణికట్టు నొప్పి, గరిటె ఎత్తలేదు. నాకు వంట రాదు. నువ్వు వెళ్ళిననాడు ఈ హోటలుకు తాళం వేస్తానని ఆమె తేల్చి చెప్పింది. తాళం కొని చూపించింది కూడా. కావున నిన్ను నిలుపుకొనుటకు సంస్థ నిర్ణయించినది. నీకు ఏమి కావలెనో లిఖితపూర్వకంగా తెలుపగలవు.

ఇట్లు,
యజమాని

తా.క. మనకు చుట్టరికం లేకపోయినా నన్ను బాబాయ్ అని పిలుస్తున్నావు. పరిశీలించి, అనుమతించడమైనది.

2

పూజ్యులైన బాబాయిగారికి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ వంటగదిలో నేను క్షేమం. అక్కడ ముందు గదిలో మీరూ క్షేమమే. కౌంటరు మీదుగా కనబడుతూనే ఉన్నారు.

ఏం కావాలో అడిగారు. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు మనకి గిరాకీ ఉండదు. అప్పుడు ముందు గదిలో, వీధివైపు కిటికీ పక్కనున్న కుర్చీలో నన్ను కూర్చోనివ్వండి. ఏమీ చెయ్యను. ఊరికే కూర్చుంటాను. అంతే, ఇంకేమీ వద్దు.

ఇట్లు,
మీ వంటమ్మాయి

తా.క. మీ ఉత్తరం ఆర్డరు చీటీల్లో కలిసిపోయింది బాబాయ్. ఏడో బల్ల వాళ్ళు ఇంత పెద్ద ఆర్డరు ఇచ్చారేమిటా అని సగం దాకా చదివి, పెద్ద గిన్నె కూడా పొయ్యి మీద పెట్టేశాను.

3

చిరంజీవి వంటమ్మాయికి ఆశీస్సులు.

నీ అర్జీ అందినది. "ఏమీ చెయ్యను" అనునది ఏ పద్దు కింద వచ్చునో తెలియక రెండు రోజులు ఆలోచించాను. సెలవు కాదు, ఎందుకనగా నువ్వు ఇక్కడే ఉంటావు. పని కాదు, ఎందుకనగా నువ్వే కాదంటున్నావు. చివరకు "పర్యవేక్షణ" కింద వేసి, ఒక వారం పాటు ప్రయోగాత్మకంగా మంజూరు చేయడమైనది. ఇతరులు కూర్చోకుండా బల్ల మీద "రిజర్వుడు" అట్ట పెట్టించాను.

అయితే ఒక సంగతి నా దృష్టికి వచ్చినది. ఆ కిటికీకి సూటిగా ఎదుట, వీధి అవతల, కొత్త హోటలు ఉన్నది. వారు నిన్ననే ఒక బోర్డు పెట్టారు. "యువ పనివారు కావలెను" అని. మన ప్రకటన కంటే అక్షరాలు పెద్దవి. రంగులో కూడా తేడా ఉన్నది. నువ్వు కోరిన కుర్చీకీ ఆ బోర్డుకీ సంబంధం ఉన్నదని నేను అనడం లేదు. నమోదు చేస్తున్నాను, అంతే.

నేటి నుంచి నువ్వు "ప్రధాన పాకశాలాధిపతి"వి.

ఇట్లు,
యజమాని

తా.క. నీ కింద ప్రస్తుతం ఎవరూ లేరు. కావున ఆజ్ఞలు నీకు నువ్వే జారీ చేసుకోవచ్చును.

4

పూజ్యులైన బాబాయిగారికి నమస్కారాలు.

కుర్చీకి చాలా థాంక్స్. నాలుగు రోజుల నుంచి కూర్చుంటున్నాను. మూడింటికి ఎండ వాలి కాళ్ళ దాకా వస్తుంది. ఎవరూ పిలవరు. గిన్నెలు కూడా ఊరుకుంటాయి. చెంపకి చెయ్యి ఆనించుకుని ఎదురుగా చూస్తూ ఉంటే కాసేపటికి నేను ఎక్కడున్నానో నాకే తెలీదు. తెలిసేసరికి నాలుగవుతుంది. లేచి వచ్చి పొయ్యి వెలిగిస్తాను. సాయంత్రం వంట చెయ్యి తిరిగినట్టు వస్తోందని పిన్ని కూడా అంది.

పాకశాలాధిపతి అంటే నేనేం తప్పు చేశాను? నాకు భయమేసింది. వంటమ్మాయి అనే ఉంచండి.

ఇట్లు,
మీ వంటమ్మాయి

తా.క. నిన్న నేను కూర్చోగానే మీరొచ్చి, మంచినీళ్ళ గ్లాసు పెట్టి, "ఏం తీసుకుంటారండీ?" అన్నారు. నేను మీ వంటమ్మాయిని బాబాయ్.

5

చిరంజీవి వంటమ్మాయికి ఆశీస్సులు.

తా.క.లో నువ్వు పేర్కొన్న సంఘటన నిజమే. అలవాటులో జరిగిన పొరపాటుగా పరిగణించవలెను.

పరిస్థితి విషమిస్తున్నది. మొదటిది: ఎదుటి బోర్డు మీద ఇప్పుడు అంకె కూడా వేశారు, అది ఇద్దరి నుంచి నలుగురికి పెరిగినది. రెండవది: నువ్వు కిటికీలోంచి చెయ్యి చాపి, ఎదుటి హోటలు దుస్తుల్లో ఉన్న ఒక పిల్ల దగ్గర మడిచిన కాగితం పుచ్చుకోవడం మంగళవారం చూశాను. గురువారం ఇంకొకరి దగ్గర ఇంకొకటి. ఆ కాగితాల్లో ఏమున్నదో అడిగే హక్కు నాకు లేదు. అది వేరే విషయం. ఇంకా ఈ విషయమే తేలలేదు.

మూడవది: నిన్న నువ్వు దుంపలకు సంతకు వెళ్ళినప్పుడు ఆ కుర్చీని స్వయంగా తనిఖీ చేశాను. నివేదిక:

3:02. కూర్చున్నాను.
3:05. గాజుగ్లాసులోంచి ఎండ గోడ మీద పడి నీళ్ళలా కదిలినది. ఎవరి అనుమతితోనో తెలియదు.
3:11. ఫ్యాను తిరుగుచున్నది. ఇంతకు మునుపూ తిరిగేది కాబోలు.
3:20. ఏమీ గమనించలేదు.
3:45. ఏమీ గమనించలేదని గమనించాను.

ఆ పిదప ఎదుటి హోటలు పెద్ద అద్దంలోకి చూశాను. అమ్మాయ్, వారి లోపలి గది కనబడినది. పసుపు గోడ. పది బల్లలు. వెనక వంటగదిలోంచి సన్నని ఆవిరి ఎవరో పిలిచినట్టు ముందుకు వచ్చి, మనసు మార్చుకొని వెనక్కి పోతున్నది. కిటికీ పక్కన ఒక పెద్దమనిషి, ఆ హోటలు యజమాని అయి ఉంటాడు, కూర్చున్నాడు. అంత నిశ్చింతగా ఉన్న యజమానిని నా జీవితంలో చూడలేదు. మర్యాదకు నేను తల ఊపాను. తక్షణమే ఆయనా ఊపాడు. అటువంటి చోటు రోజూ ఒక గంటసేపు కళ్ళెదుట ఉంటే ఎవరి మనసు నిలుస్తుంది? పిలిస్తే నేనే వెళ్ళేటట్టున్నాను.

కావున రేపటి నుంచి ఆ కిటికీకి మందపాటి తెర వేయించడమైనది. కుర్చీ మంజూరు యథాతథంగా కొనసాగును.

ఇట్లు,
యజమాని

తా.క. ఆ పెద్దమనిషి చొక్కా కూడా నా చొక్కా వంటిదే. కాని ఆయనకు నప్పినది.

6

బాబాయిగారికి నమస్కారాలు.

తెర చూశాను. ఎందుకు వేశారో ముందు అర్థం కాలేదు. రాత్రి ఇంటికెళ్ళాక అర్థమైంది. వంట చేసేది ముందు గదిలో కూర్చుంటే వీధిలోవాళ్ళకి కనబడుతుందనే కదా? ఏప్రన్ మీద మరకలుంటాయి, నిజమే. చేతులు ఉల్లిపాయ వాసనేస్తాయి, అదీ నిజమే. పరువు తక్కువ అనిపిస్తే ఆ మాటే రాయాల్సింది. పర్యవేక్షణ, ప్రయోగం అని ఇన్ని రాశారు, ఆ ఒక్క మాటకి చెయ్యి రాలేదా?

నేను వెనక సందు తలుపులోంచి వచ్చి వెనక సందు తలుపులోంచి పోయేదాన్నే. రెండేళ్ళు అలాగే వచ్చాను. పోవడానికి కూడా ఆ దారి నాకు బాగా తెలుసు.

ఇట్లు,
వంటమ్మాయి

తా.క. తెర తిరగేసి వేశారు. పువ్వులు వీధివైపున్నాయి.

7

చిరంజీవి వంటమ్మాయికి ఆశీస్సులు.

నీ రాజీనామా అందినది. ఎదుటి బోర్డు ఈ ఉదయం ఐదుగురికి పెరిగినది. ఇక నా వల్ల కాదు. ఈ కింది పత్రం నీతో తీసుకొనిపోగలవు.

"ఇందుమూలముగా ధ్రువీకరించడమేమనగా, ఈ వంటమ్మాయి ఈ హోటలులో రెండు సంవత్సరాలు పనిచేసినది. ఆమె వండినది తిన్నవారు కాసేపు లేవరు. బిల్లు ఇచ్చాక కూడా లేవరు. గ్లాసుతో బల్ల మీద గుండ్రంగా గీస్తూ ఏదో గుర్తు చేసుకుంటూ ఉంటారు. దీనికి కారణం ఏమిటో ఈ సంస్థ రెండేళ్ళుగా విచారించి కనుక్కోలేకపోయినది. ఈమెను తీసుకొనువారు ఈమెతో ఎక్కువ మాట్లాడకుందురు గాక."

నీ పిన్ని తాళం బయటికి తీసి నూనె వేసింది. తలుపుకు ఇంకా వెయ్యలేదు. చేతిలో పట్టుకొని మూడో బల్ల దగ్గర కూర్చున్నది. నేను ఆమెను ఏమీ అడగలేదు. అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు కదా.

మరకల మాట నువ్వు రాసేవరకు నాకు తట్టలేదమ్మా. నువ్వు బయటికి కనబడతావని కాదు, అవతలిది నీకు కనబడుతుందని తెర వేశాను. ఇది పద్ధతి ప్రకారం రాయవలసిన వాక్యం కాదు. కొట్టివేసినట్టు భావించగలవు.

ఇట్లు,
యజమాని

తా.క. అవతల గిన్నెలు బరువుంటాయేమో. చూసుకొని ఎత్తు.

8

బాబాయ్, పిన్ని చేతిలోంచి ముందు ఆ తాళం తీసుకోండి. మణికట్టుకి మంచిది కాదు. తీసుకున్నాక ఇది చదవండి. నమస్కారం మరిచాను, ఇదిగో నమస్కారం.

నేను రాజీనామా ఎక్కడ చేశాను? కోపమొచ్చి రాశాను. కోపంలో తలుపు మాట వచ్చింది.

ఎదుటి హోటలు వాళ్ళు అద్దానికి లోపల్నుంచి నల్ల కాగితం అంటించుకున్నారు. బయటి నుంచి వాళ్ళ లోపల ఎవరికీ ఏమీ కనబడదు. మధ్యాహ్నం ఎండకి అందులో కనబడేది మనమే. ఆ పసుపు గోడ మనది. పది బల్లలూ మనవే. ఆ ఆవిరి నేను పొయ్యి ఆర్పి వదిలి వచ్చిన సూపుది. మీకు తల ఊపిన పెద్దమనిషి మీరే బాబాయ్. చొక్కా నప్పింది కూడా మీకే.

నేను రోజూ చూసేది దాన్నే. తెల్లారకముందే వెనక సందులోంచి వస్తాను. రెండేళ్ళలో ఈ చోటు బయటి నుంచి ఎలా ఉంటుందో నాకు తెలీదు. మొదటిరోజు ఆ అద్దంలో చూసి, ఎవరిదో అనుకున్నాను. "అబ్బ, అక్కడ పనిచేసేవాళ్ళు ఎంత అదృష్టవంతులో" అని కూడా అనుకున్నాను. కాసేపటికి ఆ కిటికీలో చెంపకి చెయ్యి పెట్టుకున్న పిల్ల నేనేనని తెలిసింది. అప్పట్నుంచి పని వెతుక్కోవాలనే ఆలోచనే పోయింది. అంతకుముందు ఉండేది, ఇప్పుడు చెప్పొచ్చు.

ఇక ఆ కాగితాలు. ఎదుటి హోటల్లో మూడింటికి అద్దాలు తుడిపిస్తారు. తుడిచేవాళ్ళకి రోజూ నేను కనబడేదాన్ని, ఊరికే కూర్చుని. వాళ్ళూ ఒక గంట కూర్చుంటామని అడిగారట. కుదరదన్నారట. ఒక్కొక్కళ్ళే మానేసి మన కిటికీ దగ్గరకొచ్చి "మీ దగ్గర పనుందా అక్కా?" అన్నారు. ఉద్యోగం మాట నోటితో ఎత్తకూడదని మీ రూలు కదా, రాసుకురమ్మన్నాను. మీకెప్పుడో ఇచ్చేదాన్ని. ఒక విషయం తేలేవరకు రెండోది ఎత్తరాదన్నది కూడా మీరే. కుర్చీ విషయం తేలుతుందేమోనని పిండిడబ్బాలో దాచి కూర్చున్నాను. తేలడం లేదు. అందుకని రూలు తప్పి పంపుతున్నాను.

మొత్తం ఐదు అర్జీలు. వాళ్ళ బోర్డు మీద అంకె పెరిగింది ఇందుకే.

ఇట్లు,
మీ వంటమ్మాయి

తా.క. వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళు నలుగురే. ఐదో అర్జీ ఆ హోటలు యజమానిది. ఆయనకి యాభై ఏడేళ్ళు. అందరూ వెళ్ళిపోయాక ఆయనే అద్దం తుడవడానికి వచ్చారట. "అమ్మా, ఆ కుర్చీ నాకు కూడా ఇస్తారా?" అని అడుగుతున్నారు. ఏం చెప్పను?

9

వంటమ్మాయికీ, కొత్తగా చేరిన నలుగురికీ, వీధి అవతలి పెద్దమనిషికీ హోటలు యజమాని తెలియజేయునది.

తెర తీసివేయబడినది. తాళం తూకపురాయిగా వాడబడుచున్నది. పూర్వం వెళ్ళిన ముగ్గురి ఖాళీలు మూడు, నీ పిన్ని మణికట్టు తరఫున ఖాళీ ఒకటి, వెరసి నలుగురూ నియమితులైనారు. వారితో నేను మాట్లాడబోనని నీ పిన్ని సమక్షంలో హామీ ఇవ్వడమైనది. కిటికీ పక్కన మరి ఏడు కుర్చీలు వేయించాను.

ఐదవ అర్జీదారు విషయంలో చిక్కు వచ్చినది. మన ప్రకటన యువ పనివారికి మాత్రమే. ఏడాది పాటు తలుపుకు వేలాడిన ప్రకటనను ఇప్పుడు సవరించడం పద్ధతి కాదు. కావున, ప్రకటనను ఉన్నదున్నట్టు ఉంచి, వయస్సును సవరించడమైనది. నియమం ఇది:

ఈ హోటలులో ప్రతిదినం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు కిటికీ పక్కన ఊరికే కూర్చున్నవారి వయస్సు, పుట్టిన తేదీతో నిమిత్తం లేకుండా, ఇరవై రెండుగా పరిగణించబడును. ఇది యజమానులకూ, యజమానుల భార్యలకూ వర్తించును. అభ్యంతరములున్నవారు నాలుగు దాటి, తమ తమ అసలు వయస్సు తిరిగి వచ్చిన పిమ్మట తెలుపుకోవచ్చును. కాని అప్పటికి పొయ్యి వెలిగించే వేళ అగును గనుక, అవి వినబడవు. ఈ నియమమే అంతిమం.