అత్తగారి గుండిగ, అల్లుడి బీరు

షెబోయ్గన్, విస్కాన్సిన్
నవంబరు 4, 1974

గౌరవనీయులైన అత్తగారికి మీ అల్లుడు నార్బర్ట్ నమస్కరించి రాయునది.

ఇక్కడ నేనూ, డార్లా క్షేమం. అక్కడ మీరూ, మీ కోళ్ళూ, మీ మోకాలూ ఎలా ఉన్నారో తెలియజేయగలరు.

జనవరిలో మీ అమ్మాయికి నలభై నిండుతాయి. ఇంట్లో పార్టీ చేద్దామనుకుంటున్నాను. మా ఊళ్ళో ఏ పార్టీకైనా సాసేజ్‌లు కాల్చి, బన్నులో పెట్టి చేతికిచ్చెయ్యడమే. కానీ చలికాలం మొదలైందంటే డార్లా కిటికీలోంచి మంచుని చూస్తూ "మా అమ్మ చిల్లీ..." అని, ఆ మాట పూర్తి చెయ్యకుండా ఊరుకుంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను. ఈసారి ఆ చిల్లీ కూర నేనే వండి పెడదామని నిశ్చయించుకున్నాను.

నా ఆలోచన ఇదీ. సాసేజ్‌లని ఉల్లిపాయలతో కలిపి బీరులో ఉడికిస్తాను. తర్వాత ముక్కలు కోసి, టమాటాలూ చిక్కుడు గింజలూ వేసి, పైన ఇంకాస్త బీరు పోసి మరిగిస్తాను. వడ్డించేటప్పుడు మెకరోనీ మీద పోస్తాను. డజను సీసాలు సరిపోతాయి. మిరప్పొడి అర చెంచా వేస్తే ఎక్కువవుతుందా?

మీరు తప్పకుండా రావాలి. ఇన్నేళ్ళయినా మీరు మా గడప తొక్కలేదు. నన్ను ఒక్కసారి కూడా అల్లుడూ అని పిలవలేదు. రెండోది మీ ఇష్టం, మొదటిదైనా జరిగితే డార్లా సంతోషిస్తుంది.

ఇట్లు,
మీ విధేయుడు,
నార్బర్ట్ డీడ్రిక్

తా.క.: అర చెంచా అని విని పక్కింటాయన గాభరా పడుతున్నాడు. పావు చెంచాతో మొదలుపెట్టి, అందరూ బాగానే ఉంటే చూద్దామంటున్నాడు.


బిట్టర్ క్రీక్, టెక్సస్
నవంబరు 15

నార్బర్ట్ డీడ్రిక్‌కి లోరీన్ టాకెట్ రాయునది.

నీ ఉత్తరం అందేదాకా ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం.

నువ్వు రాసినదాంట్లో చిల్లీ ఎక్కడుందా అని కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికాను. కనబడలేదు. చిల్లీ అంటే గొడ్డుమాంసం, ఎండుమిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లి, ఓపిక. అంతే. చిక్కుడు గింజలు వేసేది మాంసం కొనలేనివాళ్ళు. టమాటాలు వేసేది మిరపకాయంటే జడిసేవాళ్ళు. మెకరోనీ వేసేవాళ్ళ సంగతి నాకు తెలియదు, అలాంటివాళ్ళని నేనెప్పుడూ ఇంట్లోకి రానివ్వలేదు. సాసేజ్ అంటావా, అందులో ఏం వేశాడో పైకి చెప్పుకోలేక కసాయివాడు పేగులో దాచిన సరుకు.

ఇక బీరు. మా కౌంటీ మొత్తంలో ఏ కొట్లోనూ అది అమ్మరు, మా చర్చిలో దాని పేరెత్తరు. మా ఆయన హాలిస్ బతికున్నన్నాళ్ళూ ఒక్క చుక్క ముట్టిన పాపాన పోలేదు. ఏటా వసంతంలో మా ఊరి చిల్లీ పోటీ నాడు నేను చర్చి బృందంతో పాట పాడడానికి వెళ్తే, నేను తిరిగొచ్చేదాకా గుండిగ దగ్గర నిలబడి కలుపుతూ ఉండేవాడు. అలా గెలిచిన మొదటి బహుమతి నీలం రిబ్బన్లు మా వంటింటి గోడ నిండా ఉన్నాయి. ఆయన పోయాక ఒక్కటీ రాలేదు, అది వేరే సంగతి. గుండిగ అదే, చెయ్యి అదే. రుచి చూసేవాళ్ళ నాలుకలే చెడిపోయాయి.

మా పెరట్లో కాసిన మిరపకాయలు దండ గుచ్చి, ఎండబెట్టి పార్సిల్ చేశాను. వాటిని ఏం చెయ్యాలో బుర్ర ఉన్నవాడికి చెప్పక్కర్లేదు.

నేను రావడమంటావా, మంచులో కూర్చుని కుర్చీలు చేసుకునేవాళ్ళ ఊళ్ళో నాకేం పని?

ఇట్లు,
లోరీన్ టాకెట్

తా.క.: డజను సీసాలన్నావు. గిన్నెలోకి ఎన్ని, నీలోకి ఎన్ని?


షెబోయ్గన్
డిసెంబరు 3

గౌరవనీయులైన అత్తగారికి నార్బర్ట్ నమస్కారాలు.

మీ దండ అందింది. ఎంత బాగుందో చెప్పలేను! అంత ఎర్రటి క్రిస్మస్ అలంకరణ మా వీధి మొత్తానికి లేదు. వీధి తలుపుకి కట్టాను. మంచుకి పాడవకుండా మా కార్ఖానాలో కుర్చీలకి వేసే వార్నిష్ మంచిది తెచ్చి మూడు పూతలు వేశాను. తళతళలాడుతోంది. ఇక ఇరవై ఏళ్ళు చెక్కు చెదరదు.

డార్లా వచ్చి చూసి, గుమ్మంలోనే కూలబడి చాలాసేపు నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. ఏమైందని అడిగితే, "ఏం లేదు, అమ్మకి ఇది తప్పకుండా రాయి. వార్నిష్ సంగతి అస్సలు మర్చిపోకు" అంది.

వంటకి మిరపకాయలు కూడా పంపుతారనుకున్నాను, మర్చిపోయినట్టున్నారు. ఫరవాలేదు, కొట్లో మిరప్పొడి డబ్బా కొన్నాను.

మీ మాట మీద గౌరవంతో మెకరోనీ తగ్గించాను. బీరు మాత్రం తగ్గించలేను. మా నాన్నా, తాతా సాసేజ్‌ని నీళ్ళలో ఉడికించినవాళ్ళు కారు. మాకూ ఒక పరువుంది.

ఇట్లు,
మీ విధేయుడు,
నార్బర్ట్

తా.క.: మీ ప్రశ్నకి జవాబు: గిన్నెలోకి ఎనిమిది, మిగతావి వండేవాడికి. వండేవాడికి దాహం వేస్తుంది కదా.


బిట్టర్ క్రీక్
డిసెంబరు 12

నార్బర్ట్ డీడ్రిక్‌కి లోరీన్ టాకెట్ రాయునది.

వార్నిష్!

ఆ మాట చదివి లేచి పెరట్లోకి వెళ్ళి, కాసేపు కోళ్ళ మధ్య నిలబడి వచ్చి మళ్ళీ చదివాను. ఇంకా వార్నిష్ అనే ఉంది. విత్తనం దగ్గర్నుంచి పెంచి, కోసి, నా చేత్తో గుచ్చిన మిరపకాయలకి మూడు పూతలు! మా అమ్మాయి గుమ్మంలో కూలబడి కళ్ళు తుడుచుకుందని నీ చేత్తో నువ్వే రాశావు. పక్కన వండేవాడికి దాహమట. చెప్పనక్కర్లేదు, నాకు అంతా అర్థమైంది. ఒళ్ళు తెలిసినవాడెవడూ కూరలో వేసే వస్తువుకి వార్నిష్ కొట్టడు.

ఇది ఒక్కదాన్నీ మోయలేక మా పాస్టర్ స్కాగ్స్ గారికి చెప్పుకున్నాను. బుధవారం ప్రార్థనలో ఆయన నీ పేరు పెట్టి, "ఉత్తరాది చలిలో సీసా చేతికి చిక్కిన మన సోదరుడు నార్బర్ట్" అని అందరినీ లేచి నిలబడమన్నారు. నీ చిరునామా అడిగితే ఇచ్చాను.

ఇట్లు,
లోరీన్ టాకెట్

తా.క.: ఆ దండని పొయ్యిలో వెయ్యకు. ఇల్లు అంటుకుంటుంది.


షెబోయ్గన్
డిసెంబరు 30

గౌరవనీయులైన అత్తగారికి నార్బర్ట్ నమస్కారాలు.

మీ చర్చివాళ్ళు ఎంత మంచివాళ్ళండీ! మా పార్టీ కోసం అందరూ లేచి నిలబడి మరీ ప్రార్థన చేశారా! రోజూ కార్డులు వస్తున్నాయి. "ధైర్యం వదలకు", "మొదటి వారమే కష్టం" అని రాశారు. మొదటిసారి వండుతున్నానని వాళ్ళకెలా తెలిసిందో! ఒకావిడైతే, "మా ఆయన కూడా అచ్చం నీలాగే ఉండేవాడు, ఇప్పుడు పూర్తిగా మానేశాడు" అని రాశారు. పాపం, అంత పెద్దవాడు వంట ఎందుకు మానెయ్యాల్సి వచ్చిందో.

సీసా సంగతి మాత్రం నాకు బోధపడలేదు. పార్టీకని కొన్న డజను సీసాలకీ ఇంకా మూతైనా తియ్యలేదు.

ఊరికే ఆశీర్వాదాలు తీసుకోవడం మర్యాద కాదు కదా! అందుకని మా ఊరి సాసేజ్‌లు ఒక పెట్టెడు పాస్టరు గారి పేర పంపాను. తయారు చేసిన విధానం చీటీ మీద రాసి అడుగున పెట్టాను.

ఇట్లు,
మీ విధేయుడు,
నార్బర్ట్

తా.క.: మంచు పడ్డాక దండ ఇంకా మెరుస్తోంది. తనకీ ఒకటి కావాలంటున్నాడు పక్కింటాయన. రంగు మీ ఇష్టమట.


బిట్టర్ క్రీక్
జనవరి 9

నార్బర్ట్ డీడ్రిక్‌కి లోరీన్ టాకెట్ రాయునది.

నీ పెట్టె బుధవారం చర్చిలో విందు వేళకి వచ్చింది. అది సాసేజ్ అని తెలిసీ, దానం కదా అని తిన్నాం. అబద్ధమెందుకు, పెట్టె ఖాళీ అయింది. పాస్టరు గారు నాలుగు తిని, కళ్ళు మూసుకుని, "ఎందుకో ఇవాళ బ్రదర్ హాలిస్ గుర్తొస్తున్నాడు" అన్నారు. ఎందుకు గుర్తొచ్చాడో నాకు అర్థం కాలేదు.

అప్పుడు అడుగున నీ చీటీ కనబడింది. "బీరులో నిదానంగా ఉడికించి, పొగబెట్టినవి" అని నేనే గట్టిగా చదివాను, ఖర్మ! మా చర్చి సిస్టర్ ఓడెల్ నోరు కడుక్కోవడానికి పరిగెత్తింది, చేతిలో ఉన్నది పూర్తిగా తిన్నాకనే అనుకో. మద్యం మాన్పించే ప్రార్థనకి వచ్చినవాళ్ళందరికీ మద్యం తినిపించిన ఘనత నీది.

ఇంక ఉత్తరాలతో అయ్యే పని కాదు. బస్సులో వస్తున్నాను. నా గుండిగ ఒళ్ళో పెట్టుకుని వస్తాను. నేను వచ్చి వండేదాకా పొయ్యి వెలిగించకు.

ఇట్లు,
లోరీన్ టాకెట్

తా.క.: పక్కింటాయనకి చెప్పు, నేను వేసేది గుప్పెళ్ళ లెక్క. చెంచాలు అలవాటు లేదు.


షెబోయ్గన్
జనవరి 27

గౌరవనీయులైన అత్తగారికి నార్బర్ట్ నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మంచు తుఫానుకి మీ బస్సు ఆగిపోవడం నా తప్పు కాదు. కానీ ఇంటినిండా జనం ఆకలితో కూర్చుంటే పొయ్యి వెలిగించడం నా తప్పే. మీరు గుండిగతో గుమ్మంలో అడుగు పెట్టేసరికి అందరి చేతుల్లో గిన్నెలున్నాయి. తిట్టడానికైనా రుచి చూడాలి కదా అని మీరు ఒక్క చెంచా నోట్లో పెట్టుకున్నారు. అంతే. చెంచా కింద పెట్టేసి, మంచు పడుతున్నా వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు. "ఏమైందమ్మా?" అని డార్లా వెంట వస్తే ముఖం తిప్పుకున్నారు. తెల్లారగానే ఒక్క మాట చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయారు.

మీరు తిడితే పడేవాణ్ణి. అసలు తిట్లు వినడానికే సిద్ధపడి ఉన్నాను. మీరు ఏమీ అనకపోయేసరికి నాకు భయం వేసింది. పుట్టినరోజు నాడు మా ఆవిడని ఏడిపించాను, మీరు గడప తొక్కిన ఒక్కసారీ చెడగొట్టాను. ఇకమీదట నా చిల్లీలో బీరు చుక్క ఉండదు. అసలు చిల్లీయే వండను. క్షమించండి.

ఇట్లు,
నార్బర్ట్

తా.క.: మీ గుండిగ మా పొయ్యి మీదే మర్చిపోయారు. లోపలంతా ఏళ్ళ తరబడి నల్లగా పట్టేసి ఉంది. సబ్బూ ఇనప పీచూ పెట్టి తెల్లగా తోమి పంపమంటారా?


బిట్టర్ క్రీక్
ఫిబ్రవరి 5

చిరంజీవి అల్లుడు నార్బర్ట్‌ని అత్తగారు లోరీన్ ఆశీర్వదించి రాయునది.

ముందు ఆ పీచు కింద పెట్టు. ఆ నలుపు మా అమ్మమ్మ నాటిది. దాన్ని తోమావంటే నీకు నేనే వార్నిష్ వేస్తాను.

ఇప్పుడు విను. మీ ఇంట్లో నేను నోట్లో పెట్టుకున్నది చిల్లీ కాదు. గింజలున్నాయి, టమాటాలున్నాయి, కింద మెకరోనీ దాక్కుని ఉంది. అన్నిటికీ నా దగ్గర తిట్లు తయారుగా ఉన్నాయి. కానీ అన్నిటి వెనకా, గొంతు దిగాక చిన్న చేదు తగిలింది. ఆ చేదు నాకు తెలుసు. నా రిబ్బన్ల చిల్లీలో ఉండేది. హాలిస్ పోయాక నేను ఎన్నిసార్లు వండినా తిరిగి రానిది అదే. మిరపకాయల్ని అనుమానించాను, గొడ్డు మేసిన గడ్డిని అనుమానించాను, పోటీకి వచ్చే పెద్దమనుషుల నాలుకల్ని తిట్టిపోశాను. మీ వరండాలో నిలబడింది కోపంతో కాదు. మా ఆయన ఆ గిన్నెలోంచి లేచి వచ్చినట్టయితే మీ అందరి ముందూ ఏడవలేక.

బస్సు దిగి తిన్నగా పాస్టరు గారింటికి వెళ్ళాను. "నేను పాట పాడుతుంటే హాలిస్ నా గుండిగలో ఏం పోసేవాడు?" అని అడిగాను. ఆయన తన బూట్లకేసి చూసుకుంటూ, "రెండు సీసాలు, సిస్టర్" అన్నాడు. ఎక్కడివంటే, "కౌంటీ దాటి వెళ్ళి నేనే తెచ్చిచ్చేవాణ్ణి" అన్నాడు. నీ పేరు పెట్టి ఊరందరినీ లేచి నిలబెట్టిన నోరే అది! నీ సాసేజ్ నాలుగు తిన్నాక ఆ మహానుభావుడికి హాలిస్ ఎందుకు గుర్తొచ్చాడో ఇప్పుడు అర్థమైందా?

ముప్ఫయ్యేళ్ళు నా పక్కన బతికి హాలిస్ ఒక్క మాట చెప్పలేదు. చెబితే వండడం మానేస్తానని భయం. మానేసేదాన్నే. ఇంటికొచ్చి ఆయన ఫోటోని నోరు నొప్పెట్టేదాకా తిట్టాను. తర్వాత రిబ్బన్లు గోడ మీంచి తీసి సగం ఆ ఫోటో కింద కట్టాను. డార్లాకి చెప్పు, దాని మీద నాకు కోపం లేదు, మాట పెగల్లేదని.

గుండిగ నేను మర్చిపోలేదు, వదిలిపెట్టి వచ్చాను. పోటీకి నువ్వూ డార్లా దాన్ని తీసుకుని రండి. మాంసం నేను వేస్తాను, మిరపకాయలు నేను వేస్తాను. తర్వాత పాట పాడడానికి వెళ్తాను. ఈసారి పొడుగు పాటే పాడతాను. నేను తిరిగొచ్చేదాకా గుండిగ దగ్గర నువ్వు నిలబడాలి. నేను వెనక్కి తిరిగి చూడను. అక్కడ నువ్వేం చేశావో నేను బతికున్నన్నాళ్ళూ నాకు చెప్పకు.

ఇట్లు,
నీ అత్తగారు,
లోరీన్

తా.క.: పాస్టరు గారు ఇంకో పెట్టె సాసేజ్‌లు పంపమని, పైన "కుర్చీ కాళ్ళు" అని రాయమని అడుగుతున్నారు. పంపు. ఇక నా గుండిగలో చిక్కుడు గింజ ఒక్కటి కనబడిందో, వెనక్కి తిరిగి చూడనన్న మాట నేను మర్చిపోతాను.