గుమ్మంలో మనిషి

బుజ్జమ్మకు నాన్న దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం చదవడం అయ్యాక ఆ మాట ఉంచాలో కొట్టెయ్యాలో నువ్వే చూసుకో. ఫోనులో చెబుదామంటే నానమ్మ పక్కనే కూర్చుంటుంది. మిగతావాటికి చెవుడు గానీ, మనం గుసగుసలాడితే మాత్రం ఆవిడకు భేషుగ్గా వినిపిస్తుంది.

ముందు నువ్వు అడిగినవి. హాలు నడిమధ్య ట్యూబులైటు తీయించేశాను. నువ్వు పంపిన పసుపు లైట్లు గోడల మీద వెలుగు పడేలా బిగించారు. "ఇదేంటి బాబాయ్, లైట్లు గోడలకేనా, మనుషులకొద్దా?" అన్నాడు ఎలక్ట్రీషియన్. "మా అమ్మాయి చదివిన చదువు అదేరా, నువ్వు బిగించు" అన్నాను. సాయంత్రం స్విచ్చి వేశాక ఇద్దరం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. అదే హాలు, అవే పాత కుర్చీలు. గోడలు కాస్త వెనక్కి జరిగి మాకు చోటిచ్చినట్టుంది. పక్కింటాయన వచ్చి "రంగులేయించారా?" అని అడిగాడు. మీ అమ్మ తడుముకోకుండా అవునంది.

నానమ్మ కుర్చీ పక్కన దీపం, నువ్వు చెప్పినట్టే, కూర్చున్న మనిషి మొహం ఎత్తులో పెట్టాం.

ఇక అసలు ప్రశ్న. నానమ్మను భయపెడుతున్న ఆ మనిషి ఇంకా కనిపిస్తున్నాడా అని రాశావు. మనిషిలా కనిపిస్తోందని నువ్వు అనుమానపడ్డ, చొక్కాలూ గొడుగూ తగిలించే మూలలో ఇప్పుడు నీడే లేదు. గొడుగు గొడుగులాగే ఉంది. అయినా మర్నాడు పొద్దుగూకేసరికి నానమ్మ మళ్లీ వణికిపోయింది. "అదిగో, గుమ్మంలో నిలబడ్డాడు. వాడికి కళ్లు లేవు."

బుజ్జమ్మా, అప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్నది నేను.

మొదటినుంచీ నేనేనని నాకు అనుమానమే. టైలరింగ్ షాపు మూసి, ఇంటికొచ్చి, ఆ వేళకి అక్కడ చెప్పులు విడిచేది నేను కాక ఇంకెవరు? నువ్వు నీడలన్నావు, నేనూ హాయిగా నీడలే అన్నాను. నా నుదుటి మీద దెబ్బ, నీకు చెప్పినట్టు షాపు షట్టరు తగిలి అయింది కాదు. నానమ్మ గ్లాసు విసిరింది. ఈ వయసులో ఆ గురిని మెచ్చుకోవాల్సిందే. నీకు చెబితే నిజమైపోతుందని భయమేసి చెప్పలేదు.

గుమ్మం పైన బల్బు సరిగ్గా నా నడినెత్తిన ఉంటుంది. అద్దం పట్టుకుని దాని కింద నిలబడి చూసుకున్నాను. కళ్లున్న చోట రెండు గుంటలు, మూతి మీద ముక్కు నీడ. నాకే ఒళ్లు జలదరించింది. "రోజూ ఇలాగే ఉంటారుగా" అంది మీ అమ్మ.

ఆ బల్బు ఆర్పించేశాను. చప్పుడు చెయ్యకుండా వెనక తలుపు నుంచి వచ్చి, నీ దీపం పక్కన కూర్చుని, వెలుగు మొహం మీద పడ్డాక "అమ్మా" అనేవాణ్ణి. "ఎప్పుడొచ్చావురా?" అనేది. ఆ "రా" వినేదాకా నాకు ఊపిరాడేది కాదు. కోడల్ని మాత్రం చీకట్లో అడుగుల చప్పుడుకే గుర్తుపడుతుంది. మీ అమ్మకి దాంతో ఎంత పొగరొచ్చిందో చూడాలి.

నిన్న కూడా అలాగే కూర్చుని పిలిచాను. నానమ్మ నావైపు తిరిగింది. భయపడలేదు. దీపం నా మొహం మీదే ఉంది. నిదానంగా చూసింది.

"అచ్చం మావాడిలాగే ఉన్నారండీ మీరు" అంది.

నేను పుట్టి బుద్ధెరిగాక అమ్మ నన్నెప్పుడూ "అండీ" అనలేదు.

"మావాడు షాపు మూసేసి వచ్చే వేళయింది. కూర్చోండి, కలిసి వెళ్దురు గాని."

"సరేనండీ" అన్నాను. ఇంకేమనను? ఇద్దరం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం, నేనెప్పుడొస్తానా అని.

నువ్వు ఒకసారి రా తల్లీ. లైట్లు చూడ్డానికి కాదు. అవి బాగున్నాయి. ఇన్నాళ్లూ తప్పంతా బల్బు మీదికి నెట్టి నిద్రపోయేవాణ్ణి. నీ దీపం వంక పెట్టడానికి ఏమీ మిగల్చలేదు, అదే నా భయం. గుమ్మం బల్బు మాత్రం మళ్లీ వెలిగించమన్నాను. కొడుకు చీకట్లో తడుముకుంటాడట, నానమ్మ ఒకటే గొడవ.

ఇట్లు,
నానమ్మ ఇంకా ఎదురుచూస్తున్న కొడుకు,
నీ నాన్న