బుగ్గల మీద చుక్కలు

అక్కకు నమస్కారాలు.
నా రంగుచేపల దుకాణం మరమ్మతు పూర్తయింది. నీ ఇంట్లో ఉంచిన ఆడచేపను ఆదివారం తీసుకెళ్తాను. ఇక్కడ మగది ఒంటరిగా ఉంది. నువ్వూ సామాను సర్దుకో. మగదిక్కు లేని ఇంట్లో కుట్టుమిషను ముందు ఎన్నాళ్లు కూర్చుంటావు? మా ఇంటికి వచ్చెయ్.
నీ తమ్ముడు
తా.క. నీ తొట్టెలో మిగతావన్నీ ఈదుతుంటాయి. నాది మోచేతులు ఆనించినట్టు ఇసుక మీద కూర్చుంటుంది. బుగ్గల మీద చుక్కలుంటాయి. పొరపాటున వేరేది ఇచ్చేవు సుమా.

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.
అలా కూర్చునేది ఒక్కటే ఉంది. తలుపు చప్పుడైతే చాలు, ఒళ్లు కదపకుండా కళ్లు మాత్రం అటు తిప్పుతుంది. అయితే దాని బుగ్గల మీద ఇప్పుడు చుక్కలు లేవు, గీతలున్నాయి. ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. నేను ఎక్కడికీ రాను.
నీ అక్క
తా.క. తిండి బాగానే తింటోంది. చేప సంగతి చెప్తున్నాను.

అక్కకు,
నమస్కారం తర్వాత పెడతాను. గీతలుండేది మగదానికి. నా చేప చచ్చిపోతే ఇంకోటి కొని వేశావు. ఉన్నమాట చెప్తే నేనేమైనా అనేవాణ్ణా? చిన్న చేపనే చూసుకోలేనిదానివి, నిన్ను నువ్వేం చూసుకుంటావు? ఆదివారం బండి తెస్తున్నాను.
తమ్ముడు
తా.క. నీ మరదలు గది సర్దింది. మిషనుకు మాత్రం చోటు లేదట.

తమ్ముడికి దీవెనలు.
నీ కోపం చూసి దీవెన మానను. రోజూ దేవుడి ముందు నిలబడేదాన్ని, చేప కోసం అబద్ధమాడను. నీ చేతిలోంచి తొట్టె మూత జారిపడి దాని తోక అంచు తెగింది, గుర్తుందా? ఆ గంటు అలాగే ఉంది, వచ్చి చూసుకో. బండి మాత్రం ఖాళీగానే వెళ్తుంది. చేప రాదు, నేను రాను, మిషను అసలే రాదు.
అక్క
తా.క. భోజనానికి రా.

అక్కకు వంగి నమస్కారాలు.
ఆ గంటు మాట చదివాక మనసు ఊరుకోలేదు. చేపల గురించి చదువుకున్న గిరాకీ ఒకాయన్ని అడిగాను. పడీపడీ నవ్వాడు. ఈ జాతిలో దగ్గర మగది లేకపోతే ఆడదే మగదవుతుందట. చుక్కలు పోయి గీతలొస్తాయట. నిన్ను అనుమానించాను, తప్పే. ఇప్పుడు రెంటినీ ఒక తొట్టెలో వేస్తే కొట్టుకు చస్తాయి. దాన్ని నువ్వే ఉంచుకో.
నీ తమ్ముడు
తా.క. బండి వద్దన్నాను. భోజనానికి వస్తున్నాను.

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.
మగదిక్కు లేని ఇల్లని నువ్వన్న మాట చేప విన్నట్టుంది. ఎవరినీ పిలవకుండా ఆ పనేదో తనే చూసుకుంది.
నీ అక్క
తా.క. ఇప్పుడే అద్దంలో చూసుకున్నాను. నా బుగ్గల మీద గీతలేమీ రాలేదు. అయినా ఇల్లు నడుస్తోంది.