గోడ అవతలి బిడ్డ

నవంబర్ 6, గురువారం

సాయంత్రం దీపం పెట్టి లేస్తుంటే గోడ అవతలి నుంచి మళ్లీ అదే మాట. "మిస్సయితున్న బిడ్డా." అవ్వ, మమ్మల్ని కన్న తల్లి. జైనూర్‌లో ఉన్న నా చెల్లె రజితతో. వీడియోలో ముఖం చూస్తూనే మిస్సవుతుంది.

రజితే నేర్పింది ఆ మాట. డెబ్బై దాటాక నేర్చుకుని కూడా ఎంత మెత్తగా అంటుందో...

సహస్రనామం నడుమ తప్పింది. మళ్లీ మొదటి నుంచి.

నవంబర్ 7

ఇప్పుడు అందరి నోటా అదే. పాలామె బస్సు మిస్సయిందట. ఎదురింటామె దుబాయిలో ఉన్న కొడుకును మిస్సవుతోందట. కరెంటు పోయి మా ఆయన వార్తలు మిస్సయ్యాడు.

ఆయన్నే అడిగా, ఇదివరకు మనం దీన్ని ఏమనేవాళ్లమని. యాదికచ్చుడు అన్నాడు. యాది వేరు. పోయిన మా బాపు యాదికి వస్తాడు. రంది? పంట ఎండినా రందే. మనాది... అది మనిషిని లోపల తినేస్తుంది. బెంగ దగ్గరగా ఉంది. బెంగ పడితే పిల్లలకు జ్వరం వస్తుంది. అవ్వకు రజిత మీద బెంగ.

"ఏదైతేంది. దూరం బోయినోళ్ల మీదనే గద," అని పేపరు తిప్పాడు.

దూరం పోయినవాళ్ల మీదనే.

నవంబర్ 8

నన్ను అవ్వ తమ్ముడికే ఇచ్చారు. నడిమి గోడకు చిన్న తలుపు. అటు అవ్వ, ఇటు నేను. రెండిళ్లకూ ఒకటే వంట, నా చేతిది.

అప్పగింతలప్పుడు అందరూ అవ్వ ముఖం చూశారు. "ఏడ్సుడెందుకు, గోడ అవతలికే గద," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రజితను పంపినప్పుడు అవ్వ అన్నం ముట్టలేదు. బతిమాలి తినిపించింది నేనే.

దేవుడి గదిలో కూర్చుని రాయాల్సిన మాటలు కావు. రాస్తున్నా.

నవంబర్ 9

ధర్మపురి వెళ్తానని ఆయనకు చెప్పా. వారం ఉంటా. కార్తీకం, గోదావరి స్నానం. మొక్కు ఉందన్నా. మొక్కేమీ లేదు. నేను లేని ఇంట్లో అవ్వ నాకూ ఆ మాట అంటుందో లేదో... అంతే.

అవ్వ చిక్కుడుకాయలు తుంచుతోంది. చెప్పాను. పోయి రా, చలి ఉంటది అంది. తలెత్తలేదు.

రజిత బయలుదేరితే బొట్టు పెడుతుంది, జాకెట్ గుడ్డ పెడుతుంది, కొంగులో పిడికెడు బియ్యం పోస్తుంది. సందు చివరి దాకా నడుస్తుంది. నేను సంచీతో కాసేపు నిలబడ్డా. ముదురు కాయలు ఏరి పక్కన పెట్టమంది. పెట్టి వచ్చా.

నవంబర్ 10, సోమవారం. ధర్మపురి

స్నానం. నీళ్లలో దీపం వదిలాను. నరసింహస్వామి ముందు చేతులు జోడించా. ఎందుకు వచ్చానో స్వామికి తెలుసు.

నవంబర్ 11

ఫోను రాలేదు.

నవంబర్ 12

మోగింది. ఆయన నంబరు, అవ్వ గొంతు. ప్రదక్షిణ నడుమ ఆగిపోయా.

"ఇంగువ డబ్బ ఏడ వెట్టినవే?"

రెండో అరలో, పసుపు వెనక.

"ఆఁ." పెట్టేసింది.

అవ్వ ఫోనులో రజిత ఫోటో ఉంది, నొక్కితే రజిత పలుకుతుంది. నాది లేదు. పెట్టించుకోమని ఒకసారి నేనే అన్నా. గోడకాడ నిలబడి పిలిస్తే పలుకుతవు, నీకెందుకే ఫోను, అంది.

సత్రంలో పక్క గదామె అడిగింది, ఇంటినుంచా, బాగా మిస్సవుతున్నరా అని. ఇంగువను, అన్నా. ఆమె పడీపడీ నవ్వింది.

నవంబర్ 13

రజిత కరీంనగర్ మా ఇంటికి వచ్చిందట. నేను లేనని, అవ్వకు తోడుగా. ఆయనే చెప్పాడు, సంతోషంగా.

నా పొయ్యి దగ్గర రజిత. అవ్వ తలకు నూనె రాసేది రజిత. నేను జరిగితే గాని ఆ ముచ్చట తీరలేదన్నమాట.

గోదావరిలో మూడు మునకలు. లోపల మండేది తడవలేదు.

నవంబర్ 15, శనివారం

రజిత ఫోను.

"అక్కా, నేనచ్చినకాడికెల్లి అవ్వ ఒక్కపారి గూడ నా పేరు పిలువలే."

మరేమంటోంది అన్నా.

"సులోచనా నీళ్లు తే. సులోచనా తలుపు దగ్గరేయ్. నేను రజితనే అవ్వా అంటే, ఆఁ అంటది. మల్ల నీ పేరే, సులోచనా."

వంట నచ్చలేదట. చారు పక్కకు జరుపుతోందట. పొద్దంతా గోడ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటోందట. అడిగితే గాలి కోసం అంటోందట.

"గీ ఇంట్ల నేను సుట్టాన్నక్కా. నీ మీద కుళ్లు పుడుతుంది నాకు." నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

నా మీద.

ఓదార్చాల్సింది. సరే, తిని పడుకో అని పెట్టేశా. చిన్నప్పుడు చెల్లెకు అన్నం తినిపించిన చేయే ఇది.

తరవాత ఆలోచిస్తే... పేరు నోటికి అలవాటై వస్తుంది. నీళ్లు కావాలంటే నా పేరు. బెంగ వేరు. ఆ మాట ఇంకా రజితదే. కానీ కుర్చీ? ఆ తలుపు నుంచి ఏనాడూ గాలి రాదు.

నవంబర్ 17, సోమవారం

వచ్చేశా. కుర్చీ అక్కడే ఉంది, అవ్వ అందులోనే. లేవలేదు. "అచ్చినవా. సిక్కిపోయినవ్," అంది. ప్రసాదం కళ్లకద్దుకుంది. ఇంకేమన్నా అంటుందని నిలబడ్డా. చారు పెట్టమంది. రజిత గిన్నెలు కడుగుతూ విన్నది.

మధ్యాహ్నం రజిత ప్రయాణం. బొట్టు, జాకెట్ గుడ్డ, బియ్యం. అవ్వ ఏడ్చింది. రజిత ఏడ్చింది. నేను సంచీ మోశా.

బస్సు ఎక్కేముందు రజిత నా చేయి పట్టుకుంది. అవ్వ ఫోనులో నీ ఫోటో పెట్టిన, నా పక్కకే, అంది. అవ్వే పెట్టమన్నదా? అడగాలనుకున్నా. బస్సు కదిలింది.

నవంబర్ 18, మంగళవారం

దీపాల వేళ. అవ్వ రజితతో మాట్లాడే వేళ. అవతల దగ్గు. కుర్చీ జరిగిన చప్పుడు. నడిమి తలుపు తీసే ఉంది. పిలిస్తే పలుకుతా.

నా ఫోను మోగుతోంది. అవ్వ.

దీపం పక్కన పెట్టి చూస్తున్నా. ఈ మోత ఆమెకూ వినపడుతుంది. అయినా పెట్టేయడం లేదు. ఇంగువ అయిపోయిందేమో. ఎత్తాలి...

ఇంకా మోగుతోంది.