దుప్పట్ల తడికి మా అమ్మ బాధ్యురాలు కాదు

ఆసుపత్రి పరిపాలనాధికారి గారి సముఖమునకు, లాండ్రీ విభాగపు ఇస్త్రీ మిషను పనివాడు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇస్త్రీ రోలరు గాలి వాల్వును తిరిగి తెరుచుటకు అనుమతి కోరుట, ఆడవాళ్ల వార్డులో ఒక రోగికి మంచినీళ్లు ఇప్పించుట గురించి.

పై రెంటికీ సంబంధమేమిటని తమకు అనిపించవచ్చును. ఆ రోగి మా అమ్మ.

1. తమరు గత నెల తనిఖీకి విచ్చేసినప్పుడు రోలరు చివరనున్న చిన్న వాల్వులోంచి ఆవిరి బుస్సుమని పోవుట చూసి, ఇది వృథా అని, వెంటనే బిగించవలెనని ఉత్తర్వు చేసియున్నారు. అది వృథా కాదని నాకు తెలుసు. తెలిసి కూడా చిత్తం అన్నాను. పానా తెచ్చి తమ ఎదుటే బిగించాను. తమరు భుజం తట్టినారు.

2. ఆ వాల్వు పని ఏమనగా: బాయిలరు నుంచి ఆవిరితో పాటు కాస్త గాలి కూడా వస్తుంది. ఆవిరి రోలరు లోపలి గోడను తాకి, నీరైపోతూ తన వేడిని ఇనుముకు ఇచ్చేస్తుంది. ఆ నీరు కింది గొట్టంలోంచి పోతుంది. గాలి నీరుగా మారదు, పోదు. చుట్టం చూపుగా వచ్చి తిష్ట వేసినట్టు ఆ గోడనే అంటిపెట్టుకొని ఉంటుంది. వెనక వచ్చే ఆవిరి దాన్ని దాటుకొని గోడను చేరాలి. నూటికి ఒక పాలు గాలి ఉన్నా చాలు, ఇనుముకు అందే వేడి సగానికి పడిపోవచ్చు. ఆవిరి ఒత్తిడి చూపే గేజి ముల్లు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది కనుక ఆవిరి బాగానే ఉన్నదని అందరూ అంటారు. వాల్వు తెరిస్తే కాస్త ఆవిరి పోయే మాట నిజమే. దానితోనే ఆ గాలీ పోతుంది.

3. వాల్వు మూసినది మొదలు దుప్పట్లు మడతల్లో చెమ్మతోనే వార్డులకు పోవుచున్నవి. మిగతా రోగుల మనుషులు వాటిని కిటికీ ఊచల మీద ఆరేసి పరుచుకుంటున్నారు. మా అమ్మకు తోడు ఎవరూ లేరు. నేను రోలరు దగ్గర ఉంటాను.

4. ఆయా చెప్పగా తెలిసినదేమనగా, ఒకరోజు నర్సమ్మ గారు మా అమ్మ పక్క తడిమి చూసి, లాండ్రీ వాళ్ల మీద ఫిర్యాదు రాస్తానన్నారట. తన కొడుకు అక్కడే పని చేస్తాడని మా అమ్మ అప్పటికే వార్డంతా చాటింపు వేసి ఉన్నది. అందుచేత దుప్పటి పొడిగానే వచ్చిందని, తానే పక్క తడిపానని చెప్పినది. మర్నాడూ అదే చెప్పినది. కింద రబ్బరు షీటు వేశారు. మంచం తలుపు వారకు జరిపారు. మధ్యాహ్నం దాటితే నీళ్లు ఇవ్వరాదన్నారు.

5. నిన్న సాయంత్రం వెళ్లేసరికి అమ్మ పెదాలు ఎండిపోయి ఉన్నవి. నీళ్లడిగింది. గ్లాసు అందించబోతే ఆయా నా చెయ్యి పట్టుకొని, "వద్దు బాబూ, పెద్దావిడ పక్క తడిపేస్తోంది, మాకు చాకిరీ ఎక్కువైపోతోంది" అన్నది. వార్డంతా విన్నది. దుప్పటి అంచు నా చేతికి తగిలింది. అది నా రోలరు తడి. నాకు తల కొట్టేసినట్టయింది. నోరు తెరవబోతే అమ్మ కళ్లతోనే వద్దని సైగ చేసింది. నేను గ్లాసు బల్ల మీద పెట్టేసి వచ్చేశాను.

అయ్యా, ఇంతకంటే సిగ్గుమాలిన పని నేను చేసి ఎరుగను. ఆవిరి, గాలి అని ఇంత పొడుగున రాసినది ఆ గ్లాసు సంగతి రాయలేకనే.

కావున వాల్వు విషయమై తమకు తోచినప్పుడు తోచిన ఉత్తర్వు చేయవచ్చును. నీళ్ల విషయం మాత్రం ఈ పూటే చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఆ విధేయతే ఇంత పని చేసినది,
ఇస్త్రీ మిషను పనివాడు

తా.క.: ఉత్తర్వు కోసం ఆగలేకపోయాను. ఈ కాగితం తమ గుమాస్తాకు ఇవ్వకముందే వార్డుకు పోయి, ఆ తడి నాది, మా అమ్మది కాదని అందరి ముందూ చెప్పాను. నర్సమ్మ గారే స్వయంగా నీళ్లు తెచ్చారు. మా అమ్మ తాగలేదు. "వాడికి నా మీద ప్రేమమ్మా, అందుకే అలా అంటున్నాడు. తడిపింది నేనే" అని ఇంకా చెబుతూనే ఉన్నది. తమరు ఒక్కసారి వచ్చి, నా ఉద్యోగానికి ఏమీ కాదని ఆమెతో అంటే తాగుతుంది.