రాక్షసుడి కథ ఆపలేదు

అమ్మమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కొల్లేరు ఒడ్డున మా బడిలో మూడో తరగతి పిల్లలకు నీ కథలే చెబుతున్నాను, నీలాగే గొంతు మార్చి. ఈరోజు రాక్షసుడు రాకుమారిని కోటలో బంధించిన చోట హెడ్మాస్టరుగారు లోపలికి వచ్చారు.

“ఇలాంటి కథలు ఆపేయండి టీచర్‌గారూ. పిల్లలు పిరికివాళ్లయిపోతారండీ.”

దుర్గ అనే పిల్ల లేచి నిలబడింది. “మొన్న వరదకి మా ఇంట్లోకి నీళ్లొచ్చాయండీ. చెల్లి ఏడుస్తుంటే టీచర్‌గారి కథ చెప్పానండీ. ఎంత పెద్ద రాక్షసుడైనా చివరికి ఓడిపోతాడంటే ఏడుపు మానేసిందండీ.”

ఆయన దుర్గను కూర్చోమన్నారు. నావైపు తిరిగి, మళ్లీ చెబితే మెమో ఇస్తానన్నారు.

“ఇవ్వండి” అన్నాను.

ఆయన గుమ్మంలో ఉండగానే రాకుమారి చేత కోట తలుపులు బద్దలుకొట్టించాను.