చింటూ ఒంటి మీది నూనె

సుజాతా,

మన చింటూ ఒంటి కంపు పోయింది. ఈ ద్వారక ఫ్లాట్‌కు ఎవరొచ్చినా ముక్కు మూసుకునేవారు. నువ్వు మాత్రం ప్రతి ఆదివారం ఆ కుక్కను చంటిపిల్లలా పీట ముందు కూర్చోబెట్టుకుని, నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టేదానివి. ఆ నూనే కొంప ముంచిందని కొత్త డాక్టరు అన్నాడు. జిడ్డు చర్మం మడతల్లో నిలిచి ఫంగస్ పట్టిందట. మందు షాంపూ రాసిచ్చి, స్నానం చేయించాక చెవుల లోపల కూడా తడి లేకుండా తుడవమన్నాడు. పుళ్ళు మానాయి, బొచ్చు మళ్ళీ వచ్చింది. నూనె సీసా అప్పుడే పారేశాను, నీ మీద కాస్త కోపంతోనే. ఇంట్లో ఇప్పుడు నువ్వుల నూనె చుక్క లేదు.

ఈ రోజుకి నువ్వు పోయి ఏడాది. ఆదివారం కూడా. పొద్దున చింటూ బాత్రూంలోకి వెళ్ళి, నీ పీట ముందు చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. బయటికి రాగానే మన అమ్మాయి దాన్ని ఎత్తుకుని, నా వైపు చూసి, ఎప్పటిలా హిందీ కలిపి అడిగింది.

"పాపా, ఫిర్ సే నూనె రాశావా? డాక్టర్ వద్దన్నాడు కదా."

దగ్గరికెళ్ళి వాసన చూశాను. నువ్వుల నూనే.

"అవునమ్మా, నేనే రాశాను" అన్నాను.